లాడ్జి గుమ్మం దగ్గర ఆగిపోతున్న చక్రాల కుర్చీ

సరిహద్దుకు ఇవతల బతికే తెలుగువాళ్లకు ప్రయాణాలు తప్పవు. పెద్దాసుపత్రి పని పడితే బళ్లారివాళ్లు బెంగళూరుకో హైదరాబాదుకో పోవాలి. బరంపురం, రాయగడ వాళ్లకు విశాఖపట్నం. షోలాపూర్, నాందేడ్ వాళ్లకు హైదరాబాదు. యానాం వాళ్లకు కాకినాడ పక్కనే ఉన్నా సర్కారు పని పడితే పుదుచ్చేరి దాకా వెళ్లక తప్పదు. ఇక పెళ్లిళ్లు, తిరుపతి మొక్కులు, పిల్లల పరీక్షలు, కోర్టు వాయిదాలు సరేసరి. వెళ్లిన ప్రతిచోటా బంధువుల ఇల్లు ఉండదు. ఒక రాత్రో పది రాత్రులో లాడ్జిలో దిగాల్సిందే.

కాళ్లు బాగున్నవాళ్లు లాడ్జిలో దిగేముందు అద్దె ఎంత, నీళ్లు వస్తాయా, గది శుభ్రంగా ఉందా అని చూసుకుంటారు. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు వీటన్నిటికన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. లోపలికి పోగలనా? గదిలోకి పోయాక బాత్‌రూములోకి పోగలనా? మన పట్టణాల్లో, నగరాల్లో మామూలు జనం దిగే లాడ్జీల్లో ఈ రెండింటికీ 'పోగలవు' అని ధైర్యంగా చెప్పగలిగేవి ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్ల మంది. అందులో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లే 54 లక్షలు. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలి ఆపరేషన్ అయి రెండు నెలలు కుర్చీలో కూర్చోవాల్సిన వాళ్లు ఈ లెక్కకు అదనం. కాబట్టి ఇది ఎవరో నలుగురి సమస్య కాదు. ప్రతి ఇంటికీ ఏదో ఒకనాడు వచ్చేదే.

వేలూరు వీధుల్లో

వేలూరు సంగతే తీసుకుందాం. చిత్తూరు, తిరుపతి, కోలారు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్లకు వేలూరు అంటే సీఎంసీ ఆసుపత్రే. 1900లో ఇడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలకు ఇవాళ దేశం నలుమూలల నుంచీ రోగులు వస్తున్నారు. ఆసుపత్రి ముందు రోడ్డుకు ఆమె పేరే పెట్టారు. ఆ చుట్టుపక్కల సందుల్లో ఎటు చూసినా లాడ్జీలే. పరీక్షలకు నాలుగు రోజులు, ఆపరేషన్ అయ్యాక మళ్లీ చూపించుకోవడానికి రెండు వారాలు. రోగి ఆసుపత్రిలో కన్నా లాడ్జిలోనే ఎక్కువ రోజులు గడపడం అక్కడ మామూలే.

ఈ ఊరికే మరో గొప్ప చరిత్ర ఉంది. సీఎంసీలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె ఇంట్లో కూర్చోలేదు. చక్రాల కుర్చీలోనే ఆపరేషన్ గదికి వచ్చి, కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ తర్వాత సీఎంసీలో పునరావాస వైద్య విభాగాన్ని నడిపించారు. వెన్నెముక దెబ్బతిన్న వాళ్లు తిరిగి తమ కాళ్ల మీద, కాకపోతే తమ కుర్చీ మీద, బతకడం నేర్చుకునే కేంద్రం 1966లో అక్కడే వెలిసింది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

కుర్చీలో కూర్చుని బతకడం ఎట్లాగో దేశానికి నేర్పిన ఊరది. అక్కడ నేర్చుకుని బయటికి వచ్చిన మనిషి మాత్రం లాడ్జి మెట్టు దగ్గర మళ్లీ నిస్సహాయుడైపోతున్నాడు. ఇరుకు స్థలాల్లో పైకి లేపిన కట్టడాలు. కింద దుకాణాలో బండ్లు నిలిపే చోటో ఉంటుంది. రిసెప్షన్ బల్ల ఐదారు మెట్ల పైన ఉంటుంది. రోడ్డుకూ గుమ్మానికీ మధ్య మురుగు కాలువ, దాని మీద ఎగుడుదిగుడు బండలు. కొత్తగా కట్టిన కొన్ని హోటళ్లు మెరుగే, కాదనలేం. కానీ వారాల తరబడి ఉండాల్సిన పేద, మధ్యతరగతి రోగి దిగేది వాటిలో కాదు.

ఒక్క వేలూరును అనడానికి లేదు. బెంగళూరు మెజెస్టిక్ చుట్టుపక్కల చూసినా, హైదరాబాదు నాంపల్లిలో చూసినా పాత లాడ్జీల తీరు ఇంచుమించు ఇదే.

'లిఫ్టు ఉంది సార్'

గది బుక్ చేసుకునేటప్పుడు ఫోన్ చేసి అడగండి. 'చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు సౌకర్యం ఉందా?' అంటే, 'ఉంది సార్, లిఫ్టు ఉంది' అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. లిఫ్టు నిజంగానే ఉంటుంది. ఆ లిఫ్టు దాకా పోవడానికి నాలుగు మెట్లు ఎక్కాలన్న సంగతి వాళ్లకు తోచదు. రోజూ ఎక్కి దిగేవాళ్లకు మెట్టు కనపడదు. ఎక్కలేనివాళ్లకు ఆ మెట్టు తప్ప ఇంకేమీ కనపడదు.

ఇంకొందరు 'వీల్‌చైర్ ఉంది' అంటారు. ఆన్‌లైన్ బుకింగుల్లో కూడా అదే రాసి ఉంటుంది. తీరా చూస్తే రిసెప్షన్ వెనకాల మడిచిపెట్టిన కుర్చీ ఒకటి ఉంటుంది. కుర్చీ మన దగ్గరే ఉంది కదా! కావాల్సింది ఆ కుర్చీ పోవడానికి దారి.

మరికొన్ని చోట్ల ర్యాంపు ఉంటుంది. అది స్కూటరు ఎక్కించడానికి పోసిన సిమెంటు దిబ్బ. సరైన ర్యాంపుకు లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు అడుగున్నర. దానికి పద్దెనిమిది అడుగుల ర్యాంపు వేయాలి. నాలుగడుగుల్లో ముగించేస్తే కుర్చీలోని మనిషి వెనక్కి బోర్లా పడతాడు. ఎక్కేటప్పుడు ఎవరో నెట్టారనుకుందాం, దిగేటప్పుడు పట్టు తప్పితే నేరుగా రోడ్డు మీదికే.

అసలు పరీక్ష బాత్‌రూములో

ముందు గుమ్మం దాటినా గండం గడవలేదు. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు రెండడుగులకు పైమాటే, పాతిక ఇరవై ఆరు అంగుళాలు ఉంటుంది. లాడ్జీల్లో బాత్‌రూము తలుపు చాలాచోట్ల రెండడుగులు, మహా అయితే రెండున్నర. తలుపు మందం, గడియ, ఫ్రేము పోను మిగిలే సందులో కుర్చీ పట్టదు. పట్టినా నీళ్లు గదిలోకి రాకుండా కట్టిన గట్టు అడ్డం. లోపల కుర్చీ తిప్పుకోవడానికి ఐదడుగుల జాగా కావాలి. అక్కడ బకెట్టుకే చోటు చాలదు. కమోడ్‌ను మూలకు తోసి బిగిస్తారు. కుర్చీలో నుంచి దాని మీదికి జరగడానికి పక్కన ఖాళీ ఉండదు, పట్టుకోవడానికి గోడకు కమ్మీ ఉండదు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి జారిపడితే ఆ తలుపుకే అడ్డంగా పడతాడు, బయటివాళ్లు తెరవలేరు.

ఇంకో సంగతి ఉంది. పైకి చెప్పుకోలేరు కాబట్టి ఎవరికీ తెలియదు. బాత్‌రూముకు పోలేనని తెలిసిన మనిషి నీళ్లు తాగడం మానేస్తాడు. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. ఆడవాళ్లయితే మరీను. వెన్నెముక దెబ్బతిన్న వాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం ఎంత తేలికో, వస్తే ఎంత ప్రమాదమో డాక్టర్లను అడిగితే చెబుతారు. జబ్బు నయం చేసుకోవడానికి ఊరుగాని ఊరు వచ్చి, లాడ్జి తలుపు వెడల్పు చాలక కొత్త జబ్బు తెచ్చుకోవడం ఎక్కడి న్యాయం?

ఎత్తుకుపోవడం సదుపాయం కాదు

'మా కుర్రాళ్లు నలుగురు ఉన్నారు సార్, కుర్చీతో సహా ఎత్తేస్తారు' అనే మాట ప్రతిచోటా వినబడుతుంది. ఆ కుర్రాళ్ల మంచితనానికి దణ్ణం పెట్టాలి. కానీ రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతారు? టిఫినుకు ఒకసారి, డాక్టరు దగ్గరికి ఒకసారి, మందుల షాపుకు ఒకసారి. రెండో రోజుకు అడగడానికి మొహమాటం. మూడో రోజుకు, ఎందుకులే అని గదిలోనే ఉండిపోవడం. అలవాటు లేనివాళ్లు ఎత్తితే ఆపరేషన్ అయిన వెన్నుకు దెబ్బ. ఎదిగిన ఆడపిల్లను ముక్కూ మొహం తెలియని మగవాళ్లు రోడ్డు మీద అందరూ చూస్తుండగా ఎత్తుకుపోవడం తల్లిదండ్రులకు ఎట్లా ఉంటుంది? ఆ పిల్లకు ఎట్లా ఉంటుంది?

డబ్బిచ్చి గది తీసుకున్న మనిషి లోపలికి పోవడానికి ఎవరినీ బతిమాలుకునే పని ఉండకూడదు. వికలాంగులు అన్న మాట బాగాలేదని దివ్యాంగులు అన్నాం. పేరు మారింది గానీ మెట్టు మారలేదు.

చట్టం ఎప్పుడో చెప్పింది

ఇదంతా దయాధర్మాల వ్యవహారం అనుకుంటే పొరపాటు. 1995లోనే వికలాంగులకు ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2016 హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రజలు వాడుకునే భవనం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా 'పబ్లిక్ భవనం' కిందికే వస్తుందని అందులో స్పష్టంగా రాశారు. వ్యాపారానికి, విశ్రాంతికి, వినోదానికి వాడే భవనాలన్నీ అందులో ఉన్నాయి. హోటలూ లాడ్జీ దాని నుంచి తప్పించుకోలేవు.

44వ సెక్షన్ ప్రకారం సౌలభ్యం లేని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, కట్టడం పూర్తయినట్లు సర్టిఫికెట్ ఇవ్వకూడదు. 45వ సెక్షన్ ప్రకారం పాత భవనాలను కూడా నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో సరిచేయాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ ఉల్లంఘిస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా. మన ఊళ్లో ఏ లాడ్జికైనా ఈ జరిమానా పడిందని ఎప్పుడైనా విన్నారా?

2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. సౌలభ్యానికి సంబంధించిన 15వ నిబంధన వట్టి సలహాలాగా ఉంది, అది చట్టానికే విరుద్ధం అని కొట్టేసింది. తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో దేశంలో సౌలభ్యం పరిస్థితి మీద కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే.

స్టార్ హోటళ్లకు పర్యాటక శాఖ వేరే నియమాలు పెట్టింది. దివ్యాంగులకు కనీసం ఒక గది, మీటరు వెడల్పు తలుపు ఉండాలని చెప్పింది. మంచిదే. కానీ స్టార్ కావాలో వద్దో హోటలు యజమాని ఇష్టం. స్టార్ అడగని లాడ్జి ఆ నియమం జోలికే పోదు. చట్టం మాత్రం అందరికీ ఒకటే.

యజమానుల బాధ

యజమానుల మాటా వినాలి. స్థలం ఇరవై అడుగుల వెడల్పు, భవనం నలభై ఏళ్లనాటిది, ర్యాంపుకు చోటెక్కడ అంటారు. ఏడాదికి ఒకరో ఇద్దరో వచ్చేదానికి గది పాడుచేసుకోవాలా అంటారు.

మొదటిది నిజమైన ఇబ్బందే. కానీ లాడ్జి మొత్తం పడగొట్టమని ఎవరూ అడగడం లేదు. కింది అంతస్తులో స్టోరు రూముగా పెట్టుకున్న గది ఒకటి ఉంటుంది. దాన్ని బాగుచేస్తే లిఫ్టు గొడవే లేదు. ముందు ర్యాంపుకు పొడవు చాలకపోతే గోడ వెంబడి మలుపు తిప్పొచ్చు. అదీ కుదరకపోతే మనిషిని కుర్చీతో సహా పైకి లేపే చిన్న లిఫ్టులు ఉన్నాయి. బాత్‌రూము తలుపు మూడడుగులకు పెంచి పక్కకు జరిగేట్టో బయటికి తెరుచుకునేట్టో పెట్టడం వడ్రంగి పని. గట్టు తీసేసి నేలను కొంచెం వాలుగా చేయడం మేస్త్రీ పని. గోడకు స్టీలు కమ్మీలు బిగించడానికి అయ్యే ఖర్చు గది అద్దె ముందు ఎంత?

రెండో మాటకు జవాబు తేలిక. రాలేని చోటికి ఎవరు వస్తారు? మెట్లు పెట్టి, కుర్చీవాళ్లు రావడం లేదు కాబట్టి ర్యాంపు అక్కర్లేదనడం బావి మూసేసి, నీళ్లకు ఎవరూ రావడం లేదనడం లాంటిది. ఆసుపత్రి ఊళ్లో అలాంటి గది ఒక్కటి ఉందని తెలిస్తే ఆ గది ఖాళీగా ఉండదు. కుర్చీలో ఉన్నవాళ్లే కాదు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లూ నిండు గర్భిణులూ దాన్నే అడుగుతారు.

మనసుంటే ఎంత త్వరగా అవుతుందో ఒక ఉదాహరణ. 2001 జనవరిలో శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ మన దేశానికి వచ్చారు. ఆయన తిరిగేది చక్రాల కుర్చీలో. ఢిల్లీలో కుతుబ్ మినార్, జంతర్ మంతర్ వంటి చోట్ల ఆయన కోసం చెక్క ర్యాంపులు పెట్టారు. వందల ఏళ్ల నాటి కట్టడాలకు వీలైంది, నలభై ఏళ్ల లాడ్జికి వీలుకాదా? గొప్ప అతిథికి దొరికిన చెక్క పలక మామూలు మనిషికి ఎందుకు దొరకదు?

అడిగే హక్కు తెలుగులోనూ ఉంది

ఇక్కడ మనకు, అంటే సరిహద్దు తెలుగువాళ్లకు, ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఊరు మనది కాదు, రాష్ట్రం మనది కాదు, ఒక్కోసారి భాషా రాదు. ఎవరికి చెప్పుకోవాలి? రెండు రోజులు సర్దుకుపోదాంలే అని ఊరుకుంటాం. వచ్చిన ప్రతివాడూ సర్దుకుపోతే ఆ మెట్టు అక్కడే ఉంటుంది.

2016 చట్టం కేంద్ర చట్టం. తమిళనాడులో ఒకటి, కర్ణాటకలో ఒకటి ఉండదు. ప్రతి రాష్ట్రంలోనూ వికలాంగుల వ్యవహారాలకు స్టేట్ కమిషనర్ ఉంటారు. లాడ్జి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు రాయొచ్చు. అక్కడ ఓటు ఉండాలన్న నియమం లేదు. ఏ రాష్ట్రం నుంచి తీసుకున్నా వైకల్య గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు, దేశమంతా చెల్లుతుంది.

భాష మాటకొస్తే రాజ్యాంగం 350వ అధికరణం చూడండి. ఎవరైనా తమ కష్టం గురించి కేంద్రంలోని అధికారికో రాష్ట్రంలోని అధికారికో, ఆ కేంద్రంలో లేదా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చని అందులో ఉంది. తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో తెలుగు తరతరాలుగా వాడుకలో ఉన్న భాషే. అర్జీ తెలుగులో రాసినా తీసుకోవాలి. పక్కన ఒక ఇంగ్లీషు కాగితం జతచేస్తే పని త్వరగా అవుతుంది, అది వేరే మాట.

ముందు మన సత్రాలు

ఇంత రాశాక మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆంధ్ర సంఘాలు, తెలుగు సమాఖ్యలు, కులసంఘాలు నడిపే సత్రాలు, అతిథి గృహాలు, కల్యాణ మండపాలు సరిహద్దు జిల్లాల్లో చాలా ఉన్నాయి. దూరం నుంచి వచ్చిన తెలుగువాడికి తక్కువ అద్దెకు నీడ ఇస్తున్నవి అవే. వాటిలో ఎన్నింటికి ర్యాంపు ఉంది? గుమ్మంలో దాతల పేర్ల పలక ఉంటుంది. ఆ పలక చదవాలంటే ఐదు మెట్లు ఎక్కాలి. పెళ్లి భోజనాల హాలు పై అంతస్తులో ఉంటుంది. మేనత్తను కింద కూర్చోబెట్టి విస్తరి కిందికే తెచ్చిపెడతాం. ఆమె పెళ్లి చూడదు, ఫొటోలు చూస్తుంది.

ఈ భవనాలూ ఆ చట్టం కిందికే వస్తాయి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఏసీ గదుల ప్రతిపాదనకన్నా ముందు కింది అంతస్తులో ఒక గది, ఒక బాత్‌రూము, ఒక ర్యాంపు గురించి తీర్మానం చేయండి. మన సత్రం సరిచేసుకున్నాక పక్కవాళ్ల లాడ్జిని నిలదీయడానికి మనకు గొంతు ఉంటుంది.

అధికారులకు ఒక్కటే మాట. లాడ్జి లైసెన్సు ఏటా రెన్యువల్ చేసేటప్పుడు ఆరోగ్య శాఖ కాగితం అడుగుతారు, అగ్నిమాపక శాఖ కాగితం అడుగుతారు. అదే రోజు ఒక టేపు కూడా పట్టుకుపొండి. ముందు గుమ్మం దగ్గర మెట్లెన్ని, ర్యాంపు పొడవెంత, లిఫ్టు తలుపు, బాత్‌రూము తలుపు వెడల్పెంత అని కొలిచి లైసెన్సు మీదే రాయండి. ఆ కొలతలను రిసెప్షన్‌లో అద్దె పట్టిక పక్కనే పెట్టించండి. ఆన్‌లైన్‌లోనూ అదే చూపించాలి. 'సౌకర్యం ఉంది' అనే మాటకు అర్థం ఎన్నైనా చెప్పొచ్చు. 'బాత్‌రూము తలుపు 24 అంగుళాలు' అని రాసి ఉంటే ఎవరూ మోసపోరు.

పాఠకులూ ఒక పని చేయొచ్చు. ఇంట్లో కుర్చీ మనిషి ఉన్నా లేకపోయినా, ఈసారి గది బుక్ చేసేటప్పుడు ఆ అంగుళాలు అడగండి. రోజుకు పదిమంది అడిగితే ఏ యజమానైనా పదకొండో ఫోను వచ్చేలోపు టేపు తెప్పించుకుంటాడు.